వైరసు మడతలో మందు

శ్రావణ భాద్రపదములలో వానలు పట్టిన పిదప మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో జ్వరము తొంగిచూడని వీధి అరుదు. ఒక యింట పిల్లవానికి ఒళ్లు కాలిపోవుచుండును. కన్నుల వెనుక పోటు, కీళ్లలో నొప్పి. మూడవనాడు రక్తపరీక్ష చేయించి వైద్యుడు, "ఇది డెంగీ. ఈ వైరసును చంపు మందు లేదు. నీరు, గంజి, పండ్లరసము తరచుగా ఇచ్చుచు కనిపెట్టి చూచుకొనవలెను" అని చెప్పును. ఇంటి పెద్దలకు ఈ మాట మింగుడుపడదు. "వెనుకటి జ్వరమునకు తెచ్చిన గొట్టపుమాత్రలు బీరువాలో మిగిలియున్నవి గదా, అవి వేసిన పోదా?" అని ఒకరందురు. "చంద్రమండలమునకు పోయి వచ్చినవారు ఒక జ్వరమునకు మందు కనుగొనలేరా?" అని మరియొకరందురు.

ఈ రెండు ప్రశ్నలును త్రోసివేయదగినవి కావు. పైగా రెంటికిని సమాధానము ఒక్కచోటనే యున్నది. ఆ చోటు వైరసు కడుపులోని సన్నని దారము. దాని పేరు ఆర్.ఎన్.ఏ. ఆ దారమును పట్టుకొని దాని పనిని నిలిపివేయు మందులకొరకు శాస్త్రజ్ఞులు ముప్పది యేండ్లకు పైబడి శ్రమించుచున్నారు. ఆ శ్రమ యెట్టిదో, ఎంతదూరము వచ్చినదో, ఎచ్చట ఆగినదో ఇచ్చట వివరింపదలచితిమి.

వైరసును జీవి యనుటకును వీలులేదు, నిర్జీవి యనుటకును వీలులేదు. దానికి ఆకలి లేదు, ఊపిరి లేదు, సొంత పనిముట్లు లేవు. మాంసకృత్తులతో చేసిన ఒక తొడుగు, అందులో ఒక వ్రాత, ఇంచుమించు ఇంతియే దాని సంసారము. ఆ వ్రాత కొన్ని వైరసులలో డి.ఎన్.ఏ. రూపమునను, కొన్నింటిలో ఆర్.ఎన్.ఏ. రూపమునను ఉండును. డెంగీ, 2006లో ఆంధ్రదేశమున వేలాదిమందిని మంచము దిగనీయని చికున్‌గున్యా, జపానీ మెదడువాపు, పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబీసు, ఇన్‌ఫ్లుయెంజా, పోలియో, 2020లో లోకమును ఇంట కూర్చుండబెట్టిన కరోనా, ఎయిడ్సునకు కారణమగు హెచ్.ఐ.వి., ఇవన్నియు ఆర్.ఎన్.ఏ. వైరసులే.

ఆర్.ఎన్.ఏ. నాలుగే నాలుగు రకముల పూసలతో గ్రుచ్చిన దండవంటిది. ఆ పూసలను 'ఏ', 'యు', 'జి', 'సి' అను అక్షరములతో గుర్తింతురు. డెంగీ వైరసు వ్రాత సుమారు 10,700 అక్షరములు. అనగా ఇంచుమించు ఈ వ్యాసమంతటి వ్రాత. కరోనా వ్రాత దాదాపు 30,000 అక్షరములు. మానవుని డి.ఎన్.ఏ. వ్రాతలో 300 కోట్ల అక్షరములున్నవి. ఇంత పెద్ద గ్రంథము కల మనిషిని అంత చిన్న కరపత్రము పడగొట్టుచున్నది.

అది యెట్లు? మన జీవకణములలో రిబోసోములను సూక్ష్మయంత్రములు కలవు. అవి ఆర్.ఎన్.ఏ. వ్రాతను మూడేసి అక్షరములుగా చదువుచు, చదివిన చొప్పున మాంసకృత్తులను కూర్చును. కణము తనకు కావలసిన ఆజ్ఞలను ఆర్.ఎన్.ఏ. చీటీలపై వ్రాసి పంపుట, రిబోసోము చదివి పనిచేయుట మన శరీరములో నిత్యకృత్యము. డెంగీ దారము కణములో ప్రవేశించినంతనే మన రిబోసోములు దానిని ఇంటివారి చీటీయే యని భ్రమించి చదువనారంభించును. ఆ చదువులో పుట్టిన మాంసకృత్తులు వైరసు దారమునకు ప్రతులు తీయును. ఇల్లు మనది, వంటవాడు మనవాడు, వంట మాత్రము దొంగది.

ఇంతవరకు ఆర్.ఎన్.ఏ.ను ఒక వ్రాతగా చూచితిమి. కాని అది వ్రాత మాత్రమే కాదు, ఒక ఆకృతి కూడ. పొందూరులో సన్ననూలు వడకుట చూచినవారికి ఒక సంగతి తెలియును. పురి యెక్కిన పోగును బిగువు సడలించి వదలినచో అది తిన్నగా పడియుండదు. తనపై తానే పెనవేసుకొని మెలికలు తిరుగును. ఆర్.ఎన్.ఏ. దారమును అట్లే మెలికలు తిరుగును. కారణము మాత్రము వేరు. ఇచ్చట 'ఏ' అక్షరమునకు 'యు'తోను, 'జి' అక్షరమునకు 'సి'తోను పొత్తు. ఒకచోటి అక్షరములు దూరమున నున్న తమ జోడీలను వెదకికొని చేతులు కలుపుటచే దారము మడతపడును. జడపిన్నువంటి మెలికలు, నడుమ ఉబ్బులు, చిన్న గోతులు, ముడిలో ముడి, ఇట్టివెన్నియో ఏర్పడును.

ఈ మడతలు అలంకారమునకు కావు. ఒక్కొక్క మడత ఒక్కొక్క పనిముట్టు. డెంగీ దారమునకు ప్రతి తీయవలెనన్నచో దాని రెండు కొసలును దగ్గరకు వచ్చి జతపడి దారము ఒక వలయముగా మారవలెను. వలయము కట్టకున్న ప్రతి తీయుట సాగదు. ఇంకొక మడత మరింత టక్కరిది. మన కణములో అక్కరలేని ఆర్.ఎన్.ఏ.ను ఒక కొసనుండి కొరుకుచు పోవు ఎంజైము కలదు. అది డెంగీ జాతి వైరసుల దారమును కూడ కొరుకుచు వచ్చును. కాని దారము చివరి భాగములో ఒక మడత తన చుట్టు తానే ఉంగరము కట్టుకొని యుండును. ఎంజైము ఆ ఉంగరమువద్దకు వచ్చి ముందునకు పోజాలక ఆగిపోవును. కొరుకగా మిగిలిన ఆ తుంట వృథాగా పడియుండదు. మన శరీరపు రక్షణవ్యవస్థను మందగింపజేసి వైరసునకు సాయపడును. ఈ తుంట పుట్టుక 2008లో తేటపడినది. ఆ ఉంగరపు ఆకృతి 2014లో కంటికి కట్టినట్లు తెలిసినది.

కరోనా వైరసులోని ఒక మడత పని ఇంకను విచిత్రము. దీనిని తెలియజేయుటకు మన తెలుగు అక్షరములనే తీసికొందము. 'కమలవనజసరళ' అని విడువక వ్రాసినదానిని మూడేసి అక్షరములుగా చదివినచో కమల, వనజ, సరళ అని ముగ్గురు ఆడపిల్లల పేర్లు వచ్చును. 'కమల' అని చదివిన పిమ్మట ఒక్క అక్షరము వెనుకకు జరిగి తిరిగి చదువనారంభించినచో 'లవన', 'జసర' అని వచ్చును. అక్షరములవే, మాటలు వేరు. మనకు ఇది అర్థములేని పలుకు. వైరసునకో, ఇట్లు వెనుకకు జరిగి చదివినప్పుడే దాని వ్రాతలో రెండవ అర్థము బయటపడును. దారములో సుమారు 13,500వ అక్షరమువద్ద ఒక ముడి రిబోసోమునకు అడ్డుపడి, కొన్నిమారులు దానిని ఒక్క అక్షరము వెనుకకు జారునట్లు చేయును. అట్లు జారినప్పుడే ప్రతులు తీయు యంత్రము తయారగును. ముడి వదులైనను, మితిమీరి బిగిసినను వైరసునకు నష్టమే.

ఇప్పుడు ఊహ సులభము. ఈ మడతలోని గోతిలో సరిగా ఇమిడిపోవు చిన్న పదార్థమును కనుగొని, దానిని అచ్చట కూర్చుండబెట్టినచో మడత కదలలేదు, విడలేదు, తన పని చేయలేదు. వైరసు నిలిచిపోవును. ఆర్.ఎన్.ఏ.ను పట్టు మందు అనగా ఇదియే.

ఇంతకును నేడు వైరసు వ్యాధులకు వాడుచున్న మందులు చేయుచున్న పని యేమి? వానిలో చాలభాగము వైరసుయొక్క మాంసకృత్తులను పట్టును. కొన్ని దారపు ప్రతిలో దొంగపూసలుగా చేరును. కరోనా కాలమున ఊరూర వినబడిన రెమ్‌డెసివిర్ ఈ రెండవ తెగలోనిది. దానిని 2020 జూనులో హైదరాబాదునందలి హెటిరో సంస్థ విడుదల చేసినది. ఆర్.ఎన్.ఏ. దండలో 'ఏ' అను పూసకు ముడిసరుకు ఏ.టి.పి. అను పదార్థము. రెమ్‌డెసివిర్ శరీరములో మారి ఏ.టి.పి. వేషము ధరించి ప్రతిలో చొరబడి, ప్రతితీయు యంత్రమును తడబడజేయును. అది మడతలను పట్టునది కాదు. ఆసుపత్రిలో గడపవలసిన దినములను కొందరికి తగ్గించినను, మరణములను ఆపుటలో దాని శక్తి పరిమితమే యని పెద్ద పరీక్షలలో తేలినది.

ఆ ఏ.టి.పి. పేరు వచ్చినప్పుడు మనవారొకరిని తలపక పోరాదు. 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే పండితునితో కలిసి కండరమునుండి ఏ.టి.పి.ని వేరుచేసి చూపినవారు భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేడు జర్మనీలో లోమన్ పండితుడును దానిని కనుగొనెను. తరువాత సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతులైరి. మన తీరగ్రామములలో బోదకాలు నివారణకు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర ఆ ప్రయోగశాలలనుండి వచ్చినదే. మన ప్రస్తుత విషయమునకు మాత్రము వేరొక మందు ముఖ్యము. వారి యాజమాన్యమున డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి బంగారు వన్నెగల పదార్థమును తీసెను. దానికి ఆరియోమైసిన్ అని పేరిడి 1948లో లోకమునకు తెలిపిరి. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి.

ఆరియోమైసిన్ టెట్రాసైక్లీను కుటుంబమునకు పెద్దక్క. పెక్కు బాక్టీరియా జ్వరములను అది కుదిర్చినది. కాని అది బాక్టీరియాలో ఎచ్చట కూర్చుండి పనిచేయునో ఆనాడు ఎవరికిని కనబడలేదు. ఏబదిరెండు సంవత్సరములకు, 2000లో, కేంబ్రిడ్జిలో వెంకట్రామన్ రామకృష్ణన్‌గారి బృందము టెట్రాసైక్లీను కూర్చుండిన చోటును ఎక్సురే కిరణములతో చూచినది. అది బాక్టీరియా రిబోసోములోని ఆర్.ఎన్.ఏ. మడత. రిబోసోములో మాంసకృత్తులును ఉన్నవి. మందు వానిని ఆశ్రయించక ఆర్.ఎన్.ఏ.నే ప్రధానముగా పట్టుకొని యుండెను. రిబోసోము ఆకృతిని వెల్లడించినందులకు రామకృష్ణన్‌గారు మరి ఇద్దరితో కలిసి 2009లో నోబెల్ బహుమానము పొందిరి. క్షయకు మొదటి మందగు స్ట్రెప్టోమైసిన్ కూడ ఇట్టి ఆర్.ఎన్.ఏ. మడతలోనే కూర్చుండునని 2000లోనే కనబడినది. కావున ఆర్.ఎన్.ఏ.ను పట్టు మందు వట్టి ఊహ కాదు. మన తాతలు తెలియకయే దానిని మింగిరి.

ఇప్పుడు బీరువాలోని గొట్టపుమాత్ర సంగతికి వత్తము. టెట్రాసైక్లీను కుటుంబపు డాక్సీసైక్లీను నేడు ప్రతి మందులకొట్టులోను ఉన్నది. అది ఆర్.ఎన్.ఏ.ను పట్టును. డెంగీ వైరసు ఆర్.ఎన్.ఏ.తోనే చేయబడినది. మరి డెంగీకి అది ఏల పనిచేయదు? ఏలయనగా మందు పట్టుకొనునది ఆర్.ఎన్.ఏ. అను పదార్థమును కాదు, ఒక ప్రత్యేకమగు మడతను. ఒక తాళపుచెవి ఇనుముతో చేసినదే, ఊరిలోని తాళములన్నియు ఇనుముతో చేసినవే, అయినను ఒక్కదానినే అది తెరచును. బాక్టీరియా రిబోసోములోని గోయి డెంగీ దారములో లేదు. వైరసునకు సొంత రిబోసోమే లేదు. మన రిబోసోములనే అది వాడుకొనును, మన రిబోసోములపై ఆ మందు అంతగా పనిచేయదు. అట్లు పనిచేయకుండుటయే మనకు క్షేమము.

ఈ భేదము పుస్తకములకు పరిమితమగునది కాదు. పొదలలోని చిరుపురుగు కాటువలన వచ్చు స్క్రబ్ టైఫసు అను జ్వరము ఆంధ్రప్రదేశములో కనబడుచున్నది. దానికి కారణము బాక్టీరియా. డాక్సీసైక్లీను దానికి ప్రాణదాత. ఆలస్యమైనచో ఆ జ్వరము ప్రాణము తీయగలదు. డెంగీకి అదే మాత్ర నిష్ప్రయోజనము. రెండు జ్వరములును మొదటి దినములలో ఒక్కతీరుననే యుండును. కావున ఏ జ్వరమో వైద్యుడు తేల్చవలెను గాని బీరువా తేల్చరాదు. పనికిరానిచోట వాడిన మాత్ర వైరసునకు హాని చేయదు సరికదా, మన శరీరములోని బాక్టీరియాకు ఆ మందును తట్టుకొను విద్యను నేర్పును.

సరే, బాక్టీరియా మడతకు మందు దొరికినది గదా, వైరసు మడతకు ఏల దొరకరాదు? ఈ ప్రశ్నకు మొదటి సమాధానము హెచ్.ఐ.వి.పై జరిగిన ప్రయత్నములో వచ్చినది. ఆ వైరసు దారములో ఒక మడత కలదు. దానిని రెవ్ అను వైరసు మాంసకృత్తు వచ్చి పట్టుకొన్నప్పుడే దారము కణకేంద్రకమునుండి వెలుపలకు పోగలదు. 1993లో శాస్త్రజ్ఞులు నియోమైసిన్ అను పాత మందును ఆ మడతపై ప్రయోగించిరి. అది మడతలో కూర్చుండి రెవ్‌ను రానీయలేదు. పరీక్షనాళికలో ఇది గొప్ప విజయము.

కాని నియోమైసిన్ ఎయిడ్సునకు మందు కాలేదు. ఆర్.ఎన్.ఏ. దారపు వెన్నెముక యంతయు ఫాస్ఫేటులతో నిండి ఋణవిద్యుత్తు కలిగియుండును. నియోమైసిన్ ధనవిద్యుత్తు దండిగా గలది. ధనము ఋణమును ఆకర్షించుట ప్రకృతిధర్మము. అందుచే ఆ మందు కావలసిన మడతనే కాక దారిలో కనబడిన ప్రతి ఆర్.ఎన్.ఏ.నూ కౌగిలించుకొనును. పైగా ఆ జాతి మందులు రక్తములో చేరినచో మూత్రపిండములను, చెవిలోని వినికిడి నరములను దెబ్బతీయగలవు. ఇది మన జిల్లావారు తేలికగా తీసికొనరాని మాట. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములతో కూడిన ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో అందరెరుగుదురు. దాని కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. అట్టిచోట ఒక జ్వరమును మాన్పి మూత్రపిండమును చెరుపు పదార్థమును మందు అని పిలుచుటకు వీలులేదు. మందు కనుగొనుటలో సగము పని శత్రువును కొట్టుట, తక్కిన సగము ఇంటివారిని కొట్టకుండుట.

రెండవ చిక్కు పోలికవలన వచ్చునది. మన కణములలోను లక్షలకొలది ఆర్.ఎన్.ఏ. దారములు మడతలు పడి తమ తమ పనులు చేయుచున్నవి. అక్షరములు నాలుగే గనుక చిన్న మెలికలు ఒకదానినొకటి పోలుచుండును. మాంసకృత్తులలో ఇరువది రకముల పూసలుండుటచే వాని గోతులు లోతుగను, పలుతీరుల తాకిడి కలవిగను ఉండును. ఆర్.ఎన్.ఏ. గోతులు సాధారణముగా లోతు తక్కువ. అందుచే మందునకు కావలసినది సాదా మెలిక కాదు, ముడిలో ముడి పడి మరెచ్చటను లేని గోయి. డెంగీ ఉంగరము, కరోనా ముడి శాస్త్రజ్ఞులను ఆకర్షించుటకు కారణమిదే.

మూడవది కదలిక. మడత శిలావిగ్రహము కాదు. క్షణక్షణమునకు కొంత విడును, కొంత ముడుచుకొనును. నేడు తీసిన చిత్రమునకు సరిపోవు తాళపుచెవి మరుక్షణపు తాళమునకు సరిపోకపోవచ్చును.

నాలుగవది వైరసు మార్పు. ఆర్.ఎన్.ఏ. ప్రతులు తీయునప్పుడు తప్పులు దండిగా దొరలును. ఆ తప్పులలో కొన్ని మందును తప్పించుకొను దారిని చూపును. ఐతే ఇచ్చటనే ఒక ఆశాకిరణము కూడ కలదు. మడతలో 'జి'కి ఎదురుగా 'సి' ఉండవలెను. 'జి' మారి 'ఏ' అయినచో జోడీ చెడి మడత సడలును. ఎదుటి 'సి' కూడ అనువుగా 'యు' అయిననే మడత నిలుచును. రెండు తప్పులు రెండుచోట్ల సరిగా కలిసివచ్చుట అరుదు. కనుక ముఖ్యమైన మడతలు వైరసునందు తరతరములుగా పెద్ద మార్పు లేక నిలుచును. డెంగీలో నాలుగు రకములున్నవి. ఒక రకము వచ్చిపోయినవారికి వేరొక రకము వచ్చినచో ప్రమాదము హెచ్చు. ఆ నాలుగింటిలోను వలయము కట్టు మడతలు, ఉంగరపు మడతలు ఇంచుమించు ఒక్కతీరుననే యున్నవి. వానిని పట్టు మందు దొరికినచో నాలుగు రకములకును ఒక్క మందు చాలుననుట ఇందువలననే.

ఇట్టి మందును వెదకు పద్ధతిని క్లుప్తముగా చెప్పుదుము. మొదట వైరసు దారము ఎచ్చట మడతపడినది, ఎచ్చట వదులుగా నున్నది గుర్తింపవలెను. 2005లో వెలువడిన ఒక రసాయనపద్ధతి దీనికి మిక్కిలి తోడ్పడినది. జోడీ లేక వదులుగా నున్న అక్షరములకే అంటుకొను రసాయనమును చల్లి, అంటినచోట్లు లెక్కించి, మడతల పటము గీయుదురు. తరువాత ఆ మడతను చెడగొట్టి వైరసు నిజముగా కుంటుపడునా అని చూతురు. పిమ్మట వేలకొలది చిన్న పదార్థములను ఒక్కొక్కటిగా మడతవద్దకు పంపి ఏది అంటుకొనునో పరీక్షింతురు. అంటుకొన్నది మన ఆర్.ఎన్.ఏ.కును అంటుకొనునా, కణములో ప్రవేశింపగలదా, జంతువులకు హాని చేయునా అని క్రమముగా చూచి, చివరకు మనుష్యులపై మూడు దశలలో పరీక్షింతురు. ప్రతి మెట్టువద్దను చాలభాగము రాలిపోవును.

హెపటైటిస్-సి వైరసు విషయములో ఈ దారిన కొంతదూరము నడచిరి. కాలేయమును చెరచు ఆ వైరసు దారపు మొదటి భాగములో మోచేయివలె వంగిన మడత యొకటి కలదు. మన రిబోసోమును పిలిచి చదివించుటకు ఆ వంపు అవసరము. దానిని పట్టు పదార్థములను 2005లో ప్రకటించిరి. అవి మడతలో కూర్చుండగనే వంగిన మోచేయి చాపుకొని బిగిసిపోవునని 2012నాటి చిత్రములలో కనబడినది. చాపిన చేయి రిబోసోమును పట్టజాలదు. ఊహించినదంతయు కంటిముందు నిలిచినది. కాని ఆ పదార్థములు మందులకొట్టునకు చేరకమునుపే, 2013లో సోఫోస్‌బువిర్ అను వేరొక తెగ మందు వచ్చి ఆ వ్యాధిని మాన్పనారంభించినది. 2014లో హైదరాబాదు సంస్థలతో సహా కొన్ని భారతీయ సంస్థలు దానిని తయారుచేయుటకు అనుమతి పొందినవి. రోగికి కావలసినది వ్యాధి పోవుట, అది ఏ దారిన పోయినను మేలే. అయినను ఆర్.ఎన్.ఏ.ను పట్టు దారి అచ్చట సగములో నిలిచిపోయినది.

మడతను పట్టుట ఒక మార్గము. అక్షరములను పట్టుట ఇంకొక మార్గము. వైరసు వ్రాతలోని ఒక ఇరువది అక్షరములకు సరియైన జోడీ అక్షరములతో చిన్న తునకను చేసి పంపినచో అది పోయి అచ్చటనే అతుక్కొనును. అతుక్కొన్నచోట చదువు ఆగును, లేదా కణపు ఎంజైము ఆ దారమును త్రుంచును. ఈ పద్ధతిలో మొదటి మందు 1998లో అమెరికాలో ఆమోదము పొందిన ఫోమివిర్సెన్. ఎయిడ్సు రోగుల కంటికి సోకు ఒక వైరసుయొక్క ఆర్.ఎన్.ఏ. చీటీని అది పట్టెను. ఇరువదియొక్క అక్షరముల ఆ తునకను సూదితో కంటిలోనికే ఎక్కింపవలసి వచ్చెను. ఎయిడ్సునకు మంచి మందులు వచ్చి ఆ కంటిజబ్బు తగ్గినందున అది అంగడినుండి తొలగిపోయినది. ఇదే మార్గమున హెపటైటిస్-బి వ్యాధికి బెపిరోవిర్సెన్ అను మందును పరీక్షించిరి. 2022లో ప్రచురితమైన రెండవ దశ ఫలితములలో, హెచ్చు కాలము వాడిన వర్గమున సుమారు పదిమందిలో ఒకరికి చికిత్స ఆపిన పిమ్మటకూడ రక్తములో వైరసు జాడ కనబడలేదు. పదిలో ఒకటి కొద్దియే కాని, ఏండ్లతరబడి మందు మింగుచున్నను వదలని ఆ వ్యాధిలో అది చిన్నమాట కాదు. ఈ తునకలతో చిక్కు యేమనగా, అవి నోటితో మింగు మాత్రలు కాలేవు. సూది కావలెను, చేరవలసిన అవయవమునకు చేర్చు ఉపాయము కావలెను.

నోటితో తీసికొను చిన్న పదార్థము ఆర్.ఎన్.ఏ.ను గురితప్పక పట్టగలదా యన్న సందేహమును 2020 ఆగస్టులో అమెరికాలో ఆమోదము పొందిన రిస్డిప్లాం అను మందు తీర్చినది. పుట్టుకతో కండరములు కృశించు ఒక వ్యాధిలో అది మన సొంత ఆర్.ఎన్.ఏ. చీటీనే పట్టి, దాని కూర్పును సరిదిద్దును. పసిబిడ్డలకు ద్రవరూపమున త్రాగింతురు. శత్రువుయొక్క ఆర్.ఎన్.ఏ.ను గాక మనదానినే పట్టినను, వేలాది దారములలో కావలసినదానిని ఎన్నుకొనుట సాధ్యమేనని అది నిరూపించినది.

ఇక ఉన్నమాట చెప్పవలెను. బాక్టీరియా ఆర్.ఎన్.ఏ. మడతను పట్టు మందులు డెబ్బది యేండ్లకు పైగా మనకున్నవి. వైరసు అక్షరములకు అతుకు తునక ఒకటి అంగడికి వచ్చి పోయినది. మన ఆర్.ఎన్.ఏ.ను పట్టు చిన్న మందు వచ్చినది. కాని వైరసు ఆర్.ఎన్.ఏ. మడతలో కూర్చుండు చిన్న మందు ఏదియు ఇంతవరకు రోగి చేతికి రాలేదు. కరోనా ముడిని పట్టు పదార్థములు ప్రయోగశాలలో కణములయందు పనిచేసినవి, అంతటితో ఉన్నవి. వార్తలలో 'వైరసును అణచు అద్భుత పదార్థము' అని చదివినప్పుడు అది ఏ మెట్టుమీద నున్నదో అడుగుట మంచిది. పరీక్షనాళిక యొకటి, ఎలుక యొకటి, మనిషి మరియొకటి.

రణస్థలము మండలములోని పైడిభీమవరములో పెద్ద మందుల కర్మాగారములున్నవి. ఇతరులు కనుగొనిన మందులను చౌకగా, శుద్ధముగా తయారుచేసి లోకమునకు పంపుటలో తెలుగువారు సమర్థులని పేరుపొందిరి. డెంగీ, జపానీ మెదడువాపు వంటివి ధనిక దేశములకంటె మనకే ఎక్కువ బాధ. వాని మడతలను వెదకు పనిని ఇతరులకు వదలి కూర్చుండుట తగదు. భీమవరపు బిడ్డ పరదేశమున చేసిన పనిని మన బిడ్డలు మన విశ్వవిద్యాలయములలో చేయుటకు కావలసినది ప్రయోగశాల, ఓపిక, మెట్టుమెట్టునకు రాలిపోవు ప్రయత్నములకు వెనుదీయని ధనసహాయము.

ఆ మందు వచ్చునంతవరకు మన చేతిలో నున్నది తక్కువ కాదు. కుండీలలో, కొబ్బరిచిప్పలలో, పాత టైర్లలో నీరు నిలువనీయకున్న డెంగీ దోమ పుట్టదు. డెంగీ యని అనుమానమున్న జ్వరములో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయరాదు, అవి రక్తస్రావమును హెచ్చించును. జ్వరము తగ్గిన దినముననే కడుపునొప్పి, విడువని వాంతులు, చిగుళ్లనుండి రక్తము కనబడినచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బునీటితో పావుగంటసేపు కడిగి, ఆలస్యము చేయక టీకా వేయింపవలెను. రేబీసు లక్షణములు కనబడిన పిమ్మట దానికి మందు లేదు. జపానీ మెదడువాపునకును టీకా కలదు.

తిరిగి మొదటి యింటికి వత్తము. "మందు లేదు" అన్న వైద్యుడు చేతకాక అట్లనలేదు. పదివేల అక్షరముల ఆ దారములో ఏ మడతను పట్టవలెనో తెలిసినను, దానిని పట్టి మన మూత్రపిండమును విడుచు పదార్థము ఇంకను చేతికి రాలేదని ఆయన మాటకు అర్థము. దొరకునంతవరకు ఆ పిల్లవాని ప్రాణము నిలుపునది వేళకు త్రాగించు గ్లాసెడు నీరు, కనిపెట్టియుండు తల్లి కన్ను. బీరువాలోని గొట్టపుమాత్ర మాత్రము కాదు.